మంచు అడవిలోని ఆ స్త్రీ ఎవరు?
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రళయం తర్వాతి ప్రపంచంలో జరిగే వీడియో గేముల గురించి, వాటిలోని పాత్రల రూపం గురించి ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. ఎక్కువ భాగం ఇంకా విడుదల కాని ఆటల గురించినవే. ఆరింటిని ఎంచుకొని జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు కొంత పొడుగైంది, ఎందుకంటే మిగతా ప్రశ్నలకు మూలం అందులోనే ఉంది.

ప్రశ్న: అన్నా, నమస్తే. నేనూ నా నలుగురు మిత్రులూ ‘స్టేట్ ఆఫ్ డికే 3’ కోసం 2020 జులైలో దాని మొదటి ట్రైలర్ వచ్చిన రోజు నుంచి ఎదురుచూస్తున్నాం. అందులో మంచు అడవిలో ఒంటరిగా కనిపించిన స్త్రీ మా మనసులో నాటుకుపోయింది. మా వాడొకడు ఆమెకు పేరు పెట్టి, బొమ్మలు గీసి, ఒక కథ కూడా రాశాడు. తీరా ఆట వచ్చాక అందులో ఆమె లేకపోతే మమ్మల్ని మోసం చేసినట్టు కాదా?
– ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

జవాబు: తమ్ముడూ, ఆ ట్రైలర్‌లో మనకు చూపించినది ఎంతో ఒకసారి గుర్తు చేసుకుందాం. మంచు కప్పిన అడవి, క్రాస్‌బో (మీట నొక్కితే బాణం వదిలే విల్లు) పట్టుకున్న ఒక స్త్రీ, ఆమెకు ఎదురయ్యే జోంబీ జింక, అంటే చచ్చి కూడా తిరిగే జింక. అంతే. ఆమె పేరేమిటో, ఎవరిని పోగొట్టుకుని అక్కడికి చేరిందో ఎవరూ చెప్పలేదు. అయినా మీ ఐదుగురికీ ఆమె తెలిసిన మనిషి అయిపోయింది. ఆ పని చేసింది పాత్ర రూపకల్పన. తుపాకీకి గుండ్లు కావాలి, గుండ్లు చేసే కార్ఖానాలు ప్రళయంతోనే మూతపడ్డాయి. బాణమైతే కొమ్మ విరిచి చెక్కుకోవచ్చు, గురి తప్పితే వెతికి తెచ్చుకోవచ్చు, పైగా చప్పుడు రాదు కనుక చుట్టుపక్కల ఉన్న జోంబీలు పోగవ్వవు. చూసేవాడు ఇదంతా వరుసపెట్టి ఆలోచించడు గాని, ఆ చేతిలోని వస్తువును చూడగానే ఆమె చాలా కాలంగా ఇలాగే బతుకుతోందని అతనికి తెలిసిపోతుంది. ప్రళయానంతర కథల్లో ప్రతి పాత్ర ఒంటి మీది ప్రతి వస్తువూ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి: ఇది ఎక్కడ దొరికింది, ఇంతవరకు ఎందుకు పారేయలేదు? ఆ రెంటికీ జవాబున్న పాత్రకు పేరు లేకపోయినా మీ మిత్రుడు కథ రాయగలిగాడు.

ఇక మోసం మాట. ఆ ట్రైలర్ ఆట నడుస్తుండగా పట్టిన దృశ్యం కాదు, విడిగా గీసి, కదిలించి, కూర్చిన చిన్న సినిమా. ఇటువంటివి ఆట తయారీ తొలి దశలోనే రావచ్చు. అప్పటికి ఆట ఎలా ఉండబోతోందన్న ఊహ మాత్రమే ఉంటుంది. పైగా 2013లో మొదటి భాగం, 2018లో రెండో భాగం వచ్చిన ఈ వరుసకు ఒకే కథానాయకుడంటూ లేడు. బతికి బయటపడ్డవాళ్ల గుంపును మనం కాపాడుకోవాలి, ఒకరి తర్వాత ఒకరుగా ఆడాలి, చనిపోయినవాడు మళ్లీ తిరిగి రాడు. అలాంటి ఆటకు ప్రకటనగా ఒంటరి స్త్రీని నిలబెట్టారంటే అది వాగ్దానం కన్నా వాతావరణాన్ని పరిచయం చేయడమే అనుకోవాలి. ఆమె ఆటలో లేకపోతే మీకు కలిగే బాధ నిజమైనదే. దాన్ని నేను చిన్నచూపు చూడను. అయితే మీరు పోగొట్టుకునేది వాళ్లు ఇచ్చిన పాత్రను కాదు, మీ ఐదుగురూ కలిసి పెంచుకున్న పాత్రను. ఆ కథ, ఆ బొమ్మలు మీ దగ్గరే ఉంటాయి.

విడుదలకు ముందు రూపం మారడం కూడా కొత్త కాదు. ‘ద లాస్ట్ ఆఫ్ అస్’ను 2011 డిసెంబరులో ప్రకటించినప్పుడు కనిపించిన ఎల్లీ అనే అమ్మాయి పాత్ర ముఖం, ఆ మరుసటి ఏడాది చూపిన ముఖం ఒకటి కావు. ఆ పాత్రకు గొంతునూ కదలికలనూ ఇచ్చిన యాష్లీ జాన్సన్‌కు దగ్గరగా, వయసులో ఇంకా చిన్నగా కనిపించేలా ముఖాన్ని మార్చారు. ఆట 2013 జూన్‌లో వచ్చింది. ఈనాడు పాత ముఖాన్ని చూస్తే అదే మనకు పరాయిగా అనిపిస్తుంది. పని సాగుతుండగా జరిగే ఇటువంటి మార్పును నేను సమర్థిస్తాను. ఇంకో రకం మార్పు ఉంది, దాన్ని మాత్రం సమర్థించలేను. అదే ఆట రెండో భాగానికి 2019లో వచ్చిన ట్రైలర్‌లో ఒకచోట, మొదటి భాగంలో ఎల్లీని వెంటపెట్టుకుని కాపాడిన జోయెల్ వచ్చి ఆమెతో మాట్లాడతాడు. 2020లో ఆట చేతికొచ్చాక చూస్తే ఆ సన్నివేశంలో ఉన్నది జెస్సీ అనే వేరే పాత్ర. కథలోని మలుపును దాచడానికి అలా చేశారన్నది అర్థమవుతుంది. కాని ఏళ్ల తరబడి ఆ మనిషి కోసం ఎదురుచూసిన వాళ్ల ప్రేమను తెరచాటుగా వాడుకున్నట్టయింది. రహస్యం దాచాలంటే చూపకుండా ఉండవచ్చు, లేనివాణ్ని తెచ్చి నిలబెట్టనక్కర్లేదు.

ప్రశ్న: అన్నయ్యా, మా బాబు తొమ్మిదో తరగతి. ఏ నోట్‌బుక్ తెరిచినా మాస్కులు, చిరిగిన కోట్లు, మెడలో తాళాల గుత్తులు వేసుకున్న మనుషుల బొమ్మలే. ఏదో ఆట రాబోతోందని రోజూ అదే ధ్యాస. వద్దనాలా, ఊరుకోవాలా? ఇందులో బతుకుతెరువు ఉంటుందా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, బొమ్మలను వద్దనకండి. ఆటను మాత్రం ఒకసారి చూసుకోండి. నేను ఈ పేజీలో చెప్తున్న ఆటల్లో చాలా వాటికి పదిహేడేళ్లు పైబడినవారికి మాత్రమే అన్న గుర్తు ఉంటుంది. అది పెట్టె మీద గాని, కొనే పేజీలో గాని తప్పక కనిపిస్తుంది, దాన్ని లక్ష్యపెట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లవాడు అటువంటి పాత్రను గీయవచ్చు, ఆ ఆటను ఆడటానికి ఇంకా సమయం ఉంది.

బతుకుతెరువు సంగతి: పాత్రలను గీయడం, వాటికి త్రీడీలో ఒళ్లు పోయడం, కదిలించడం ఇప్పుడు వేర్వేరు వృత్తులు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో యానిమేషన్‌లో డిగ్రీ చదవవచ్చు. అంతవరకు ఒక్క పని చేయించండి. ఆ తాళాల గుత్తి ఎవరిదో, ఆ ఇళ్లు ఇంకా ఉన్నాయో లేవో బొమ్మ కింద రెండు వాక్యాలు రాయమనండి. మీరు ఉత్తరంలో ప్రత్యేకంగా రాశారు గనుక ఆ తాళాలు మీ దృష్టిలో కూడా పడ్డాయన్నమాట. పిల్లవాడి చేతిలో ఏదో ఉంది.

ప్రశ్న: సార్, మా బాపు గోదావరిఖనిలో బొగ్గుబాయిలో కోల్‌ఫిల్లర్‌గా చేసి రిటైరయ్యారు. నేను ‘మెట్రో 2033’ ఆడుతుంటే వెనక నిలబడి చూసి, “ఆ మూతికి పెట్టుకున్నది అంతసేపు పనిచెయ్యదు బిడ్డా” అన్నారు. ప్రళయం ఆటల్లో అందరికీ గ్యాస్ మాస్కు ఎందుకు తగిలిస్తారు? రాబోయే ఆటల్లో అయినా అది సరిగ్గా ఉంటుందా?
– డిగ్రీ విద్యార్థి, గోదావరిఖని

జవాబు: మీ బాపు గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఆ ఒక్క మాటలో ఈ రకం పాత్రల రూపకల్పనలో ఉన్న అతి పెద్ద లోపాన్ని పట్టుకున్నారు. ఎక్కువ ఆటల్లో గ్యాస్ మాస్కు అలంకారమే. అది ముఖాన్ని దాస్తుంది, భయం పుట్టిస్తుంది, పైగా గీసేవాడికి కళ్లూ మూతీ గీసే శ్రమ తగ్గిస్తుంది. పాత్ర దాన్ని తీసేసినా పెట్టుకున్నా గాలిలో తేడా ఏమీ రాదు.

అయితే మీరు ఆడుతున్న ఆటే ఇందుకు మినహాయింపు. కీవ్ నగరంలో పుట్టిన 4ఏ గేమ్స్ సంస్థ దాన్ని తయారు చేసింది, 2010లో విడుదలైంది. అందులో మెట్రో రైలు సొరంగాల్లో బతికే నాయకుడు ఆర్త్యోమ్ నేల పైకి వెళ్లినప్పుడు మాస్కులోని ఫిల్టర్ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది, ఎంత మిగిలిందో చేతి గడియారం చూసి తెలుసుకోవాలి. ఫిల్టర్ అయిపోవస్తుంటే తెర మీద అక్షరాల కంటే ముందు అతని ఊపిరి చప్పుడు బరువెక్కి మనకు తెలియజేస్తుంది. దెబ్బలు తగిలితే అద్దం పగుళ్లు పడుతుంది. ఆ వరుసలో తర్వాత వచ్చిన ఆటల్లో అద్దం మీద పడ్డ నీళ్లనూ నెత్తురునూ చేత్తో తుడుచుకోవడానికి ప్రత్యేకంగా ఒక మీట పెట్టారు. టార్చిలైటుకు చార్జింగ్ కూడా చేత్తో పంపు నొక్కినట్టు నొక్కి పెట్టుకోవాలి. ఆర్త్యోమ్ ఆట నడిచేటప్పుడు పెదవి విప్పడు, అతని ముఖం మనకు దాదాపు కనిపించదు. అయినా ఆ గడియారం, ఆ పగిలిన అద్దం, ఆ ఊపిరి కలిసి అతన్ని మనిషిని చేశాయి. ఒక్క మాటా మాట్లాడించకుండా ఇంత దగ్గర చేసిన పాత్రలు నేను చూసినవాటిలో చాలా తక్కువ.

దీని కన్నా ముందుకు పోవాలంటే ఆటలు తయారుచేసేవారు మీ బాపు గారి వంటివారి దగ్గర కూర్చోవాలి. బాయిలోకి దిగే మనిషి నడుముకు బ్యాటరీ, అక్కడి నుంచి వీపు మీదుగా టోపీ దాకా తీగ, టోపీకి లైటు, బెల్టుకు మరో పక్క రేకు డబ్బాలో సెల్ఫ్ రెస్క్యూయర్, అంటే విషవాయువు వచ్చినప్పుడు నోటికి పెట్టుకునే పరికరం. పాత రకం సెల్ఫ్ రెస్క్యూయర్ కార్బన్ మోనాక్సైడ్‌ను మారుస్తుందే తప్ప ప్రాణవాయువును తయారు చేయదు. గాలిలో ప్రాణవాయువే లేకపోతే అది నిరుపయోగం. విషవాయువు ఎంత ఎక్కువుంటే లోపలికి పీల్చే గాలి అంత వేడెక్కుతుంది. నోరు కాలుతున్నట్టున్నా దాన్ని తీయకూడదు, ఎందుకంటే ఆ వేడి అది పనిచేస్తున్నదనడానికి గుర్తు. ఇంత ఉత్కంఠ కలిగించే వస్తువు మన బెల్టుకు ఉండగా, ఏ ఆటలోనైనా మాస్కు పెట్టుకున్న నాయకుడు గంటల తరబడి హాయిగా పరుగెత్తుతుంటే నాకూ మీ బాపు గారి మాటే గుర్తొస్తుంది. ఆయనకు తెలిసిన మిగతా సంగతులను మీరు కూర్చుని రాసిపెట్టండి. నాకూ పంపండి.

ప్రశ్న: నమస్కారం. అమ్మాయి పాత్ర ఎప్పుడు ప్రకటించినా ఆట ఎలా ఉంటుందన్నది వదిలేసి ముఖం బాగోలేదని, కండలున్నాయని గొడవ మొదలవుతుంది. మా తమ్ముడు కూడా అందులో ఒకడు. వాడికి ఏమని చెప్పాలి?
– ఉపాధ్యాయురాలు, జనగామ

జవాబు: అమ్మా, రెండు పాత్రలను పక్కపక్కన పెట్టి మీ తమ్ముడికి చూపించండి.

‘ద లాస్ట్ ఆఫ్ అస్’ రెండో భాగంలోని ఆబీ ఒంటిని కొలీన్ ఫాచ్ అనే క్రాస్‌ఫిట్ (కఠిన వ్యాయామాల పోటీ) క్రీడాకారిణి శరీరాన్ని చూసి మలిచారు. లోకం నాశనమయ్యాక అంత ఒళ్లు ఎలా వస్తుందన్నది అప్పట్లో చాలామంది అడిగిన ప్రశ్న. జవాబు కథలోనే ఉంది. ఆమె ఉండే దళం సియాటిల్‌లోని ఒక స్టేడియాన్ని కోటగా చేసుకుని, అందులోనే పంటలు పండిస్తూ పశువులను పెంచుతుంది. అక్కడ వ్యాయామశాల కూడా ఉంది. అంటే ఆమెకు తిండి దొరుకుతుంది, సాధన చేయడానికి చోటుంది, ఏళ్ల తరబడి మోస్తున్న ఒక పగ ఉంది. నేను మొదటి జవాబులో చెప్పిన రెండు ప్రశ్నలనూ ఇక్కడ కండకు వేసి చూడండి: ఇది ఎక్కడ దొరికింది, ఎందుకు పోనివ్వలేదు? రెంటికీ సమాధానం ఉంది. ఆమె భుజాలను చూస్తేనే ఆ స్టేడియం, ఆ పగ రెండూ కనిపిస్తాయి. అదే ఆటలోని ఎల్లీ బక్కగా ఉంటుంది. ఈ తేడా తెలిసి చేసినదే.

రెండోది, జంతువుల్లా తిరిగే యంత్రాలను మనుషులు వేటాడే ‘హొరైజన్’ వరుసలోని నాయిక ఏలాయ్. 2022లో రెండో ఆట రావడానికి ముందు వచ్చిన దృశ్యాల్లో ఆమె చెంపల మీద నూగు కనిపిస్తోందని కొందరు పెద్ద రభస చేశారు. పొద్దుటి ఎండ పక్క నుంచి పడినప్పుడు ఏ మనిషి చెంప మీదైనా ఆ నూగు కనిపిస్తుంది. ఆటలు ఆడే కొత్త యంత్రాల శక్తి పెరిగి, ఇంతకుముందు గీయడానికి వీలుకాని వివరం ఇప్పుడు గీయగలిగారు. నన్నడిగితే ఏలాయ్ విషయంలో చర్చించాల్సింది చెంపలు కావు. తోలు, పూసలు, యంత్రాల నుంచి విరిచిన రేకులు కలిపి కుట్టిన ఆమె దుస్తులను చూడాలి. తాము దేనిని వేటాడుతున్నారో, ఆ యంత్రాలను పూర్వం ఎవరు చేశారో తెలియని జనం, ఆ రేకులనే ఆభరణంగా ధరిస్తున్నారు. చెవి పక్కన ఆమె పెట్టుకునే చిన్న ముక్కోణపు పరికరం మాత్రం పాత లోకానిది. చిన్నతనంలో శిథిలాల్లో పడి దొరికించుకున్నది. కథ మొత్తం ఆ చిన్న ముక్క చుట్టూ తిరుగుతుంది. ఇంత గొప్ప పనితనం కళ్ల ముందు ఉంటే, దాన్ని విడిచి నూగు గురించి మాట్లాడటం నాకు నిజంగా కష్టం కలిగిస్తుంది.

అభిమానుల గొడవ ఎప్పుడూ తప్పే అని కూడా అనను. ‘స్టాకర్ 2’ కోసం జనం ఎంత కాలం వేచి ఉన్నారో చూడండి: మొదట 2010లో ప్రకటించి ఆపేశారు, 2018లో మళ్లీ ప్రకటించారు, రష్యాతో యుద్ధం మధ్య దాన్ని తయారుచేసే ఉక్రెయిన్ బృందం పని సాగించి 2024 నవంబరు 20న విడుదల చేసింది. మధ్యలో 2021 డిసెంబరులో, ఎన్‌ఎఫ్‌టీ (డబ్బు పెట్టి కొనే డిజిటల్ యాజమాన్య పత్రం) కొన్నవాడి ముఖాన్ని ఆటలో ఒక పాత్రకు పెడతామని సంస్థ ప్రకటించింది. చెర్నోబిల్ చుట్టూ ఉన్న ఆ లోకంలోకి డబ్బుతో ముఖం కొనుక్కుని రావడం ఏమిటని అభిమానులు గట్టిగా ఎదురు తిరిగారు. రోజుల్లోనే ఆ ఆలోచన మానుకున్నారు. పాత్ర ఆ లోకానికి చెందినదా కాదా అన్న పట్టింపుతో చేసిన గొడవ అది. మీ తమ్ముడు కూడా గొడవ పడాలనుకుంటే ఆ ప్రశ్న మీద పడమనండి.

ప్రశ్న: ఆట రాకముందే డబ్బు కట్టి, బొమ్మలూ సంచులూ ఉన్న పెద్ద పెట్టెను బుక్ చేసుకోవచ్చా?
– చిరువ్యాపారి, మంచిర్యాల

జవాబు: తొందరపడకండి. 2018లో ‘ఫాల్‌ఔట్ 76’ పెద్ద పెట్టెను 200 డాలర్లకు అమ్మారు. అందులో క్యాన్వాస్ సంచి ఇస్తామని చెప్పి నైలాన్ సంచి పంపారు. గొడవ జరిగాక సంచి మార్చి ఇచ్చారు. ఆట వచ్చాక, ఆడినవాళ్ల మాట విన్నాక కొన్నా ఆ పాత్రలు ఎక్కడికీ పోవు.

ప్రశ్న: మేం ముగ్గురం కలిసి ప్రళయానంతర వరంగల్‌లో జరిగే చిన్న ఆట తయారు చేస్తున్నాం. నాయిక ఒక యువతి. ఎంత గీసినా ఏదో విదేశీ ఆటలో పాత్రకు మన బొట్టు పెట్టినట్టే ఉంటోంది. ఎక్కడ తప్పుతున్నాం?
– మిత్రబృందం, హన్మకొండ

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన బొమ్మ చూశాను. తోలు జాకెట్, మోకాళ్లకు ప్యాడ్లు, వెనక ఐవీ తీగలు అల్లుకున్న గోడ. మన ఊళ్లో పడిపోయిన గోడ మీద ముందు మొలిచేది రావి మొక్క. దాని చుట్టూ జిల్లేడు, ఉమ్మెత్త, వయ్యారిభామ. పదేళ్లు ఎవరూ పట్టించుకోకపోతే దారుల నిండా సర్కారు తుమ్మ. ఆ ముళ్ల మధ్య రోజూ నడిచే పిల్లకు తోలు జాకెట్ కన్నా ముందు కావలసింది మందపాటి చెప్పు. మే నెల ఎండలో ఆ జాకెట్ వేసుకుని ఎవరూ ఖిల్లా నుంచి వడ్డేపల్లి చెరువు దాకా నడవలేరు. తలకు తువ్వాల చుట్టుకోవాలి, నీళ్లకు ఒక సీసా ఉండాలి.

శిథిలం ఎలా ఉంటుందో చూడటానికి మీరు తెర ముందు కూర్చోనక్కర్లేదు. 1934లో మొదలై మన కళ్ల ముందే మూతపడిన ఆజంజాహి మిల్లు గురించి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఖిల్లా వరంగల్‌కు పోయి నాలుగు కీర్తితోరణాల నడుమ నిలబడి చుట్టూ చూడండి. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తర్వాత అక్కడ మిగిలింది ఆ తోరణాలు, నేల మీద చెల్లాచెదరుగా పడిన శిల్పాలు. అయినా ఆ కోటలో జనం ఉన్నారు, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. ఒకసారి అక్కడ ఒక ఇంటి ముందు చెక్కడపు రాయి ఒకదాన్ని అరుగు పక్కన మెట్టుగా వాడుకోవడం చూశాను. దాని మీద హంసల వరుస సగం అరిగిపోయింది. ఒక ముసలమ్మ దాని మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. రాజ్యం పోయిన తర్వాతి లోకం అంటే నాకు ఆ మెట్టే గుర్తొస్తుంది. మీ ఆటలో శిథిలం మీద పడి ఏడ్చేవాళ్లకు బదులు దానిని వాడుకునేవాళ్లను పెట్టండి.

నడక కోసం ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి సీజన్‌లో వెళ్లండి. హమాలీ బస్తా ఎత్తుకునే ముందు భుజం మీద మడత పెట్టిన గోనెపట్టా వేసుకుంటాడు. బరువు మీద పడగానే మెడ ఒక పక్కకు వంగుతుంది, అడుగులు చిన్నవై వేగం పెరుగుతుంది, ఆగితే బరువు ఎక్కువ తెలుస్తుంది గనుక మధ్యలో ఆగడు. 2019లో వచ్చిన ‘డెత్ స్ట్రాండింగ్’ ఆట అంతా సామాను మోయడం మీదే నడుస్తుంది. నాయకుడు ఎత్తుకున్న ప్రతి పెట్టె వీపు మీద కనిపిస్తుంది, ఎక్కువైతే తూలుతాడు, నడిచి నడిచి బూట్లు అరిగిపోతాయి. అటువంటి నాయకుడికి మన మార్కెట్‌లో గురువులు వందల మంది ఉన్నారు.

దూరం నుంచి చూసినా ఎవరో తెలియాలన్న సూత్రానికి కథ చెబుతూ చూపే చేర్యాల నకాషీ బొమ్మల పటం చూడండి. రాత్రిపూట దీపపు వెలుగులో, ఎక్కడో వెనక కూర్చున్నవాడికి కూడా ఎర్రటి నేపథ్యం మీద ఏ బొమ్మ ఎవరిదో తెలియాలి. కాబట్టి ఒంటి రంగు, కిరీటం, నిలబడ్డ తీరు ఒక్కొక్కరికి ఒక్కోలా నిలిచిపోయాయి. మీ నాయికను నల్లటి నీడగా మాత్రమే గీసి, పక్కింటి పిల్లవాడికి చూపించండి. గుర్తుపడితే సరే, లేకపోతే మళ్లీ గీయండి.

ఆట ఎప్పుడు వస్తుందో ఇప్పుడే ఎవరికీ చెప్పకండి, ట్రైలర్ చేయడానికీ తొందరపడకండి. కొత్త బొమ్మ గీశాక నాకు పంపేటప్పుడు ఆమె చెప్పుల అడుగు దేనితో వేశారో రాయండి. లారీ టైరు ముక్కే అయితే, ఆ లారీ ఎక్కడ ఆగిపోయిందో, అది కోసి చెప్పు కుట్టినది ఎవరో కూడా రాయండి.